రిపోర్టులన్నీ నార్మల్: జ్వరం తగ్గాక మిగిలిపోయే జబ్బులతో నా పని

ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో జనరల్ మెడిసిన్ డాక్టరుగా పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. ఎక్కువ కాలం రాజమండ్రిలో, అంతకుముందు నరసాపురం వైపు. ఈ మధ్య కొత్తగా పీజీలో చేరిన పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "మేడమ్, మీ అనుభవాలు రాయండి" అని అడిగారు. ఏ ఏడు ఏ పోస్టులో ఉన్నానో, ఎవరు నన్ను ఎక్కడికి బదిలీ చేశారో రాస్తే మీకు ఉపయోగం లేదు, నాకు సరదా లేదు. అందుకని ఉద్యోగం చివరి ఏళ్లలో నన్ను వదలకుండా పట్టుకున్న ఒక్క విషయం గురించే రాస్తాను. వైరస్ జ్వరం వచ్చి తగ్గిపోతుంది. మనిషి మాత్రం కోలుకోడు. ఎందుకు?

మా చదువు రోజుల్లో దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పుస్తకంలో ప్రతి వైరస్ జ్వరం గురించీ చివర్లో "అధికశాతం రోగులు పూర్తిగా కోలుకుంటారు" అని ఉండేది. మిగిలినవాళ్లు ఏమవుతారో ఉండేది కాదు. వాళ్లు నా ఓపీకి వచ్చేవాళ్లు. వాళ్లలో ఒకరి విషయంలో నేను పెద్ద తప్పు చేశాను. ఆ తర్వాత ఒక మంచి పని కూడా చేశాను. రెండూ దాచకుండా చెబుతాను. మంచి పని గురించి చెప్పేటప్పుడు కాస్త గర్వం కనబడుతుంది. దానికి క్షమాపణ చెప్పను.

మొగల్తూరు నాగమణి వేళ్లు

సర్వీసులో సగం దూరం వచ్చాక, నేను నరసాపురం దగ్గర పనిచేస్తుండగా, ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ చికున్‌గున్యా వచ్చింది. ఇంటికి ఇద్దరు ముగ్గురు నడుం వంగిపోయి గోడ పట్టుకుని నడిచేవారు. నాలుగైదు రోజుల్లో జ్వరం తగ్గేది. నొప్పులు కొన్ని వారాలు ఉండేవి. చాలామందికి అంతటితో సరి.

మొగల్తూరు నుంచి నాగమణి అనే ఆవిడ వచ్చేది. లేసు అల్లడం ఆవిడ పని. జ్వరం తగ్గి ఐదు నెలలైనా వేళ్ల నొప్పులు తగ్గలేదని చెప్పేది. నేను ప్రతిసారీ అదే నొప్పి మాత్ర రాసి, "తగ్గుతుందమ్మా, టైం పడుతుంది" అని పంపేసేదాన్ని. ఆవిడ నాలుగోసారి వచ్చినప్పుడు పక్క టేబుల్ దగ్గర మా పెద్ద డాక్టరు సుబ్బరాజు గారు కూర్చుని ఉన్నారు. గొంతు పెద్దదైనా చాలా ఓపికగల మనిషి. నేను రాసిన చీటీ చూసి, ఆవిడను తన దగ్గరకు పిలిచారు.

"పొద్దున్న లేచాక సూది పట్టుకోడానికి ఎంతసేపు పడుతుందమ్మా?"

"పొద్దున్న పది దాటుద్దండి. అప్పటిదాకా వేళ్లు ముడుచుకోవండి. జాకెట్టు హుక్కులు కూడా మా అమ్మాయే పెడుతుందండి."

"మరి సాయంత్రం?"

"సాయంత్రానికి కాస్త ఆడతాయండి. ఈలోగా వెలుతురు పోద్దండి. ఇంకేం అల్లుతానండి?"

ఆయన ఆవిడ వేళ్ల కణుపులు ఒక్కొక్కటీ నొక్కి చూశారు. తర్వాత నన్ను నొక్కమన్నారు. మూడు కణుపుల దగ్గర మెత్తగా, వెచ్చగా తగిలింది. నాలుగుసార్లు నా దగ్గరకు వచ్చిన మనిషి చేతులు నేను ఒక్కసారి కూడా పట్టుకు చూడలేదు.

ఆవిడ మందులు తీసుకుని వెళ్లాక ఆయన గట్టిగా అరుస్తారనుకున్నాను. అరవలేదు. "చూడమ్మా, జ్వరం పోయినంత మాత్రాన వైరస్ చేసిన పనంతా పోయినట్టు కాదు. కీలు లోపలి పొరలో దాని తాలూకు ముక్కలు ఉండిపోవచ్చు. లేదా వైరస్ వెళ్లిపోయినా, దాన్ని తరమడానికి వచ్చిన మన కణాలు అక్కడే ఉండిపోయి మన కీలు మీదే పడొచ్చు. ఏది నిజమో నాకూ తెలీదు. కానీ ఆ వేలు వాచింది. అది మాత్రం నీకు తెలియాలి" అన్నారు.

కీళ్లవాతానికి వాడే మందు చిన్న డోసులో మొదలుపెట్టారు. ఏడాది పైనే పట్టింది. చివరికి నాగమణి పొద్దున్న ఎనిమిదికల్లా సూది పట్టుకునే స్థితికి వచ్చింది. ఒకరోజు తను అల్లిన చిన్న టేబుల్ గుడ్డ తెచ్చి ఆయన బల్ల మీద పరిచి, "ఇది ఈ వేళ్లతోనే అల్లానండి" అని చేతులు చాచి చూపించింది.

నొప్పి ఎక్కడుందని అడగడంతో సరిపోదు, ఆ నొప్పి వల్ల ఏ పని ఆగిపోయిందో అడగాలి అన్నది ఆ రోజు నేర్చుకున్నాను. కనీసం నేర్చుకున్నాననే అనుకున్నాను.

నేను చేసిన తప్పు

కోవిడ్ రెండో విడత తగ్గిన కొన్ని నెలలకు రావులపాలెం నుంచి వెంకట్రావు అనే మనిషి రాజమండ్రిలో నా ఓపీకి వచ్చాడు. నలభై రెండేళ్లు. అరటి మార్కెట్‌లో ముఠా కూలీ. గెలలు భుజాన వేసుకుని లారీలకు ఎక్కించడమే ఇరవై ఏళ్లుగా అతని పని. కోవిడ్ వచ్చినప్పుడు ఆసుపత్రిలో చేరేంత కాలేదు. పది రోజులు ఇంట్లోనే జ్వరం, దగ్గు. తగ్గాక పనిలోకి వెళ్లాడు. రెండో గెల ఎత్తేసరికి కళ్లు తిరిగి కూలబడ్డాడు. అప్పటినుంచి నాలుగు నెలలుగా అదే వరస. నిలబడితే గుండె దడ, మెదడంతా మబ్బు పట్టినట్టు, ఏ పని చేసినా ఒళ్లు చచ్చుబడినట్టు.

అన్ని పరీక్షలూ చేయించాను. రక్తం బాగుంది, థైరాయిడ్ బాగుంది, షుగర్ లేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఈసీజీ, ఎకో రెండూ మామూలే. వేలికి మిషన్ పెడితే ఆక్సిజన్ తొంభై ఎనిమిది.

"రిపోర్టులన్నీ నార్మల్ అండి" అన్నాను.

"మరి ఎందుకండీ ఇలా ఉంది?" అన్నాడు.

"జబ్బు చేసి మంచం మీద ఉన్నారు కదా, కండ తగ్గిపోయింది. దానికి తోడు భయం. రోజూ నడవండి. పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. ఓపిక లేదని మాత్రం ఆగిపోకండి."

"ఆయ్, అలాగేనండి" అని లేచాడు. లేచేటప్పుడు నా బల్ల అంచు పట్టుకున్నాడు. అది నేను చూశాను. చూసి కూడా ఏమీ అడగలేదు.

అప్పుడు బయట ఇంకా వందమంది ఉన్నారు, మేమంతా అలిసిపోయి ఉన్నాం. ఆ కారణాలు నిజమే గానీ, అసలు కారణం అది కాదు. నాగమణికి వాపు ఉంది కాబట్టి ఆ వాపును నమ్మాను. వెంకట్రావు దగ్గర చూపించడానికి ఏమీ లేదు కాబట్టి అతన్ని నమ్మలేదు. నా పరీక్షలకు అందనిది అసలు లేనట్టే అనుకున్నాను. మన వృత్తిలో అహంకారం ఎక్కువసార్లు ఇలాగే ఉంటుంది. గొంతు పెంచదు, నవ్వుతూనే "ఏమీ లేదండి" అంటుంది.

రెండు నెలల తర్వాత అతని భార్య సత్యవతి ఒక్కతే వచ్చింది. చేతిలో గోడకు వేలాడదీసే క్యాలెండర్ చుట్టి పట్టుకుంది.

"ఆయన రాలేదేంటమ్మా?" అన్నాను.

"లెగలేకపోతున్నాడండి. మీరు చెప్పినట్టే చేశాడండి. లెగగలిగిన ఏ రోజూ మానలేదండి. కాలవ గట్టు మీద నలభై నిమిషాల దాకా తెచ్చాడండి. పదిహేను రోజుల కింద గట్టు మీదే పడిపోతే నలుగురు మోసుకొచ్చారండి. ఇప్పుడు స్నానం కూడా నేనే చేయిస్తున్నానండి."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. మీరు చెప్పినట్టే చేశాడండి అన్న ఆ మాట మాత్రం నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

క్యాలెండర్ విప్పి బల్ల మీద పరిచింది. ఆవిడ ఐదో తరగతి దాకా చదువుకుంది. నడిచిన రోజు గడిలో "న" అని రాసింది, పక్కన నిమిషాలు వేసింది. లేవలేని రోజు గడిలో ఇంటూ కొట్టింది. రెండు నెలల కాగితాలు.

"ఎవరు రాయమన్నారమ్మా?"

"ఎవరూ అన్లేదండి. ముఠావాళ్లు బద్ధకం అంటున్నారండి. మా అత్తగారు దిష్టి అంటుందండి. ఏదో ఒకటి తెలుసుకుందామని రాశానండి. చూడండి, నడిచిన రోజు బానే ఉంటాడండి. మర్నాడు కూడా ఎలాగో నెట్టుకొస్తాడు. రెండో రోజుకి పడిపోతాడండి. నిమిషాలు పెరిగిన కొద్దీ ఇంటూలు కూడా పెరిగినాయండి."

వేలితో ఒక్కొక్క గడీ చూపించింది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. భయం వల్ల వచ్చేది అలా లెక్కగా రెండు రోజులు ఆగి రాదు. ఎకోకి, ఎక్స్‌రేకి, నాకు దొరకనిది ఐదో తరగతి చదివిన మనిషికి పెన్సిలుతో దొరికింది.

ఆదివారం రావులపాలెంలో

ఆ ఆదివారం బీపీ మిషన్, వేలికి పెట్టే మిషన్ బ్యాగులో వేసుకుని రావులపాలెం బస్సెక్కాను. ప్రభుత్వ డాక్టరు పేషెంటు ఇంటికి వెళ్లడం మంచి అలవాటా కాదా అన్న చర్చ మీరు చేసుకోండి. ఆ మనిషి బస్సెక్కలేడు, నేను ఎక్కగలను. అంతకంటే ఆలోచించలేదు.

వెంకట్రావు వసారాలో పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పది నిమిషాలు కదలకుండా పడుకోబెట్టి నాడి చూశాను. నిమిషానికి ఎనభై రెండు. బీపీ మామూలుగా ఉంది. తర్వాత లేచి, దేన్నీ ఆనుకోకుండా నిలబడమన్నాను. సత్యవతి పక్కనే చేతులు చాచి నిలబడింది. రెండు నిమిషాలకు నూటపది. ఐదు నిమిషాలకు నూట ఇరవై ఎనిమిది. బీపీ మాత్రం పడిపోలేదు. అతని పాదాలు ఎర్రగా కందినట్టయ్యాయి, నుదుటి మీద చెమట పట్టింది. ఇక చాలని కూర్చోబెట్టాను.

మిషన్ మీద అంకె అతనికి చూపించాను. "ఉత్తినే నిలబడితే ఇంత కొట్టుకుంటోంది మీ గుండె. మామూలు మనిషికి పది పదిహేను పెరుగుతుంది, అంతే."

"అయితే కనబడిందాండీ?" అన్నాడు. అని కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు గెలలు మోసిన మనిషి. తన జబ్బు బయటపడినందుకు ఏడిచాడు.

"వెంకట్రావు గారూ, మిమ్మల్ని నడవమని చెప్పి తప్పు చేశాను. మీరు నా మాట వినబట్టే ఇంత దూరం వచ్చింది. మీ తప్పేం లేదు, నాదే" అన్నాను. మెడికల్ కాలేజీలో ఈ మాట చెప్పడం ఎవరూ నేర్పరు. పలకడం కష్టమే. పలికాక మాత్రం ఇంకే మాటా అంత ఉపయోగపడదు.

సత్యవతి అడిగిన ప్రశ్న

కాఫీ తెచ్చి ఇస్తూ సత్యవతి అడిగింది: "ఆ పురుగు ఇంకా ఈయన ఒంట్లోనే ఉందాండీ?"

అప్పుడు నేను చెప్పిందీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్నదీ కలిపి మీకోసం రాస్తున్నాను. ఇందులో కొన్ని బలమైన ఆధారాలున్నవి, కొన్ని ఇంకా అనుమానాలే. ఏది ఏదో దాచకుండా పేషెంటుకు చెప్పాలి.

మొదటిది ఆవిడ అడిగిందే. కొందరిలో వైరస్ తాలూకు ముక్కలు పేగుల్లోనో, ఇంకో చోటో నెలల తరబడి ఉండిపోతాయి. బతికి ఉన్న వైరస్సా, చచ్చినదాని తునకలా అన్నది అందరి విషయంలో తేలలేదు. తునకలైనా చాలు, మన రక్షణ వ్యవస్థ వాటిని చూసి యుద్ధం ఆపదు. రెండోది, వైరస్ పూర్తిగా పోయినా ఆ వ్యవస్థ శాంతించకపోవడం. శత్రువు కోసం తయారుచేసుకున్న యాంటీబాడీలు కొన్ని మన సొంత కణాలనే గుర్తుపట్టి తగులుకుంటాయి. మూడోది, పాత వైరస్‌లు నిద్రలేవడం. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ నరాల్లో దాక్కుని, పెద్దయ్యాక సర్పిగా పైకి రావడం మీరంతా చూశారు. కొత్త జ్వరం వచ్చి ఒంట్లోని రక్షణ అంతా అటు తిరిగినప్పుడు అలాంటి పాతవి కొన్ని మళ్లీ లేచే అవకాశం ఉంది.

నాలుగోది వెంకట్రావులో నేను చూసింది. మనం నిలబడగానే రక్తం కాళ్లలోకి జారుతుంది. మనకు తెలియకుండా పనిచేసే నరాలు రక్తనాళాల్ని బిగించి దాన్ని పైకి పంపుతాయి. ఆ నరాల పని తప్పితే గుండె వేగం పెంచి లోటు పూడ్చుకోవాలని చూస్తుంది. అందుకే దడ, అందుకే తలలో మబ్బు. ఇక, సన్నటి రక్తనాళాల లోపలి గోడ దెబ్బతినడం, సూక్ష్మమైన గడ్డలు ఏర్పడడం గురించి పరిశోధన నడుస్తోంది. వేలికి పెట్టిన మిషన్ రక్తంలో ఆక్సిజన్ ఉందని చెబుతుంది. అది కండలోకి చేరి ఖర్చవుతోందో లేదో చెప్పదు. కండరాల కణాల్లో శక్తి తయారయ్యే చోటు కూడా కొందరిలో సరిగ్గా పనిచేయడం లేదు. అలాంటి కండకు శ్రమ పెడితే బలం రాదు, కొత్తగా దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ రెండో రోజున తెలుస్తుంది. సత్యవతి కొట్టిన ఇంటూలు అవే.

ఒకే మనిషిలో ఇందులో రెండు మూడు కలిసి ఉండొచ్చు. అందుకే అందరికీ ఒకే మందు లేదు.

ఇదంతా ఆవిడకు ఇంత వివరంగా చెప్పలేదు. "వరద తీసేశాక కూడా చేలో ఇసక మేట ఉండిపోద్ది కదమ్మా, పంట వెంటనే వేయలేం కదా. అలాంటిది అనుకో. వరద పోయింది, చేను ఇంకా బాగవలేదు" అన్నాను.

"అయితే మీరు మేట తియ్యకుండానే దున్నమన్నారండి" అంది. నాకు ఇంతకంటే సరైన విమర్శ ఏ ప్రొఫెసరూ చేయలేదు.

మార్కెట్ యార్డులో

వైద్యం గొప్పదేం కాదు. నడక ఆపించాను. ఒంట్లో ఓపిక ఉన్నట్టు అనిపించినా సగం దగ్గరే ఆగమన్నాను. బీపీ ఎక్కువ లేదు కాబట్టి ఉప్పేసిన మజ్జిగ, నీళ్లు బాగా తాగమన్నాను. కాళ్లకు బిగువుగా ఉండే మేజోళ్లు, కూర్చుని స్నానం, మంచం దిగేముందు కాసేపు కాళ్లు వేలాడేసి కూర్చోవడం. దడ తగ్గడానికి చిన్న మాత్ర. సత్యవతి క్యాలెండర్ కొనసాగించింది. మూడో నెలకు ఇంటూలు తగ్గాయి. ఎనిమిదో నెలకు సొంతంగా స్నానం చేసి, వీధి చివర దాకా వెళ్లి వచ్చేవాడు.

అప్పుడు కొత్త గొడవ. ముఠాలోంచి అతని పేరు తీసేస్తామన్నారు. "కూర్చుంటే బానే మాట్లాడతాడు, గెల ఎత్తమంటే జబ్బంటాడు" అని వాళ్ల మాట. వాళ్లలో సూరిబాబు అనే మనిషి అందరికంటే గట్టిగా అంటున్నాడట. డాక్టరు చీటీ ఇస్తే చాలదా అనుకున్నాను. చాలలేదు. దాంతో ఇంకో ఆదివారం నేనే వెంకట్రావును ఆటోలో వెంటబెట్టుకుని మార్కెట్ యార్డుకు వెళ్లాను.

లారీ పక్కన గోనెపట్టా పరిపించి, "మీలో అందరికంటే బలమైన మనిషి ఎవరండీ?" అని అడిగాను. అందరూ నవ్వి సూరిబాబును ముందుకు తోశారు. అతన్నీ వెంకట్రావునూ పక్కపక్కన పడుకోబెట్టాను. ఇద్దరి వేళ్లకూ మిషన్లు పెట్టాను. పడుకున్నప్పుడు సూరిబాబుకు డెబ్భై, వెంకట్రావుకు డెబ్భై ఆరు. పెద్ద తేడా లేదు. ఇద్దర్నీ నిలబడమన్నాను. చుట్టూ పాతికమంది మూగారు.

సూరిబాబు ఎనభై రెండు దగ్గర ఆగాడు. వెంకట్రావు అంకె తొంభై ఐదు, నూట నాలుగు, నూట పధ్నాలుగు అని ఎక్కుతుంటే అందరూ ఆ మిషన్ మీదకు వంగారు.

"ఇప్పుడు సూరిబాబు గారూ, మీరు ఆ రెండు గెలలు లారీలో వేసి పరిగెత్తుకు రండి" అన్నాను. వేసి వచ్చాడు, రొప్పుతూ. అతని అంకె నూట పదహారు.

సూరిబాబు రెండు మిషన్లనూ మార్చి మార్చి చూశాడు. "అంటే నేను గెలలు మోసి పరిగెత్తినంతా ఈడికి ఊరకే నిలబడితేనే అవుద్దాండీ?"

"అవునండి."

"రోజంతానా?"

"నిలబడినంతసేపూ."

అతను వెంకట్రావు భుజం పట్టుకుని గోనెపట్టా మీద కూర్చోబెట్టాడు. "కూసోరా బాబూ, ఎవరు నిలబడమన్నారు నిన్ను" అన్నాడు. ముఠా మేస్త్రి అక్కడికక్కడే తేల్చేశాడు. వెంకట్రావు ముఠాలోనే ఉంటాడు. స్టూలు మీద కూర్చుని, లారీ ఎక్కేముందు గెలలు చూసి పక్వానికొచ్చినవి, దెబ్బతిన్నవి వేరు చేయించాలి. ఇరవై ఏళ్లు మోసినవాడికి ఏ గెల దారిలో పండిపోతుందో చూడగానే తెలుస్తుంది.

నా ఉద్యోగంలో నాకు శాలువాలు కప్పారు, జ్ఞాపికలు ఇచ్చారు. ఆ గోనెపట్టా మీద జరిగిన దానికంటే నాకు ఎక్కువ గౌరవం ఇచ్చినవి వాటిలో ఏవీ లేవు.

ఈసీజీ గది

ఆ తర్వాత ఇలాంటివాళ్లను వారానికి ఒక పూట ప్రత్యేకంగా చూడాలని మా సూపరింటెండెంట్ గారిని అడిగాను.

"జబ్బు కనబడనివాళ్లకి క్లినిక్కేంటమ్మా? కనబడేవాళ్లకే మంచాలు చాలట్లేదు" అన్నారు.

"కనబడటం లేదని పంపేస్తుంటే వీళ్లు ఈ ఓపీ నుంచి ఆ ఓపీకి తిరుగుతూనే ఉంటారండి. ఒకచోట కూర్చోబెడితే మిగతా లైన్లే తగ్గుతాయి."

చివరికి "గురువారం మధ్యాహ్నం ఈసీజీ గది వాడుకో. స్టాఫ్‌ని మాత్రం అడక్కు" అన్నారు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు చూస్తే ఆయన ఉన్నంతలో ఇవ్వగలిగిందే ఇచ్చారు. ఒక మంచం, ఒక గోడ గడియారం, ఒక బీపీ మిషన్. నిజానికి అంతకంటే అవసరం రాలేదు. కోవిడ్ తర్వాతవాళ్లు, డెంగీ తర్వాతవాళ్లు, చికున్‌గున్యా కీళ్లు, అందరూ ఆ గదికే వచ్చారు. ప్రతి మనిషికీ ఒక క్యాలెండర్ పెట్టమనేదాన్ని.

ఆ గదిలోనూ తప్పు చేశాను. రైసు మిల్లులో గుమాస్తా ఒకాయన నీరసమని వస్తే, కోవిడ్ తర్వాతదే అని ఆరు వారాలు అలాగే చూశాను. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందని ఆయన రెండుసార్లు చెప్పాడు. ఆలస్యంగా కఫం పరీక్ష చేయిస్తే క్షయ అని తేలింది. మందులు వాడి బాగయ్యాడు గానీ, ఆ ఆరు వారాలు నేను పోగొట్టినవే. ముందు జబ్బు లేదనుకుని తప్పు చేశాను, తర్వాత ప్రతిదీ ఆ జబ్బే అనుకుని తప్పు చేశాను. మొదట మిగతావన్నీ వెతకండి. అవేవీ కాదని తేలాక కూడా మనిషిని వదలకండి. రెండూ చేయాలి.

జిల్లా డాక్టర్ల సమావేశంలో ఈ రెండు కేసులూ నా తప్పులుగానే చెప్పాను. సత్యవతి అనుమతి తీసుకుని, క్యాలెండర్ ఫోటోలు తెర మీద చూపించాను. ఒక సీనియర్ లేచి, "సొంత పొరపాట్లు ఇంతమందిలో చెప్పుకోవడం అవసరమా మేడమ్?" అన్నారు. "నేను చెప్పకపోతే మీరు చేస్తారండి" అన్నాను. భోజనాల దగ్గర నలుగురు కుర్ర డాక్టర్లు వచ్చి, నిలబెట్టి నాడి చూడడం ఎలాగో చేసి చూపించమన్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు వేరే ఊళ్లలో ఇలాంటి క్లినిక్కులే నడుపుతున్నారు.

చివరి గురువారం

రిటైరయ్యే ముందు చివరి గురువారం వెంకట్రావు వచ్చాడు. అతను పూర్తిగా బాగుపడలేదు. గెల భుజానికెత్తి మూడేళ్లయింది, ఇక ఎత్తుతాడని నేను అనుకోను. పనిలో మధ్యాహ్నం గంటసేపు పడుకుంటాడు. కానీ వారానికి ఆరు రోజులు పనికి వెళ్తున్నాడు. ఆ రోజు రావాల్సిన పని అతనికి లేదు. సామర్లకోట నుంచి అరటికాయలకు వచ్చే లారీ డ్రైవరు ఒకతన్ని వెంటబెట్టుకొచ్చాడు. డెంగీ తగ్గి మూడు నెలలైనా స్టీరింగ్ దగ్గర కూర్చోలేకపోతున్నాడట. ఇప్పటికి ముగ్గురు డాక్టర్లు ఏమీ లేదన్నారట.

ఆ డ్రైవరు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చేతిలో రిపోర్టుల కవరు. "ఈవిడా నార్మలే అంటారులే, పోదాం పద" అంటున్నాడు మెల్లగా. నాకు వినబడుతోందని ఇద్దరికీ తెలియదు.

"అనరు. నా విషయంలో ఈవిడ తప్పు చేశారు. తప్పు చేశానని మా ఇంటికొచ్చి నాతోనే చెప్పారు. అందుకే నిన్ను ఈవిడ దగ్గరికి తీసుకొచ్చాను. నడు" అన్నాడు వెంకట్రావు.

ముప్పై మూడేళ్లలో నా గురించి ఎవరెవరో మంచి మాటలు అన్నారు. ఇంతకంటే గొప్ప సిఫారసు నాకెవరూ ఇవ్వలేదు.

"రండి, లోపలికి రండి" అన్నాను. డ్రైవరును మంచం మీద పడుకోమని, గడియారం చూసుకుని, అతని చేయి పట్టుకున్నాను.